విడిభాగం మార్చే ముందు మీటరు పెట్టి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఒకసారి తాళం తిప్పగానే స్టార్టయి, మరోసారి ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయే కార్ల విషయంలో మన ఊళ్లలో మరమ్మతు జరుగుతున్న తీరు గురించి మీ పత్రిక పాఠకులతో కొన్ని విషయాలు పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చాలా ఏళ్ల పాటు ఐటీఐలో వాహనాల విద్యుత్ విభాగం పాఠాలు చెప్పాను. నా దగ్గర చదువుకున్నవాళ్లు విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఇప్పటికీ పనిచేస్తున్నారు, వాళ్ల చేతి నైపుణ్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా ఈ ఒక్క జబ్బు దగ్గర మాత్రం కొలిచి చూసే అలవాటు లేకపోవడం వల్ల, ఊహ మీద విడిభాగాలు మార్చే పద్ధతి పాతుకుపోయింది. దానివల్ల కారు యజమాని డబ్బూ, మెకానిక్ పరువూ రెండూ పోతున్నాయి.

పూర్తిగా చెడిపోయిన కారును బాగుచేయడం తేలిక. లోపం ఉన్నచోటే ఉంటుంది కనుక వెతికితే దొరుకుతుంది. అప్పుడప్పుడు మొరాయించే కారు అలా దొరకదు. ఇంటి ముందు కదలని బండి, లాక్కుని షెడ్డుకు తీసుకువెళ్లేసరికి మొదటి తిప్పుకే స్టార్టవుతుంది. మెకానిక్ కళ్ల ముందు లోపం లేదు. యజమాని మాత్రం ఏదో ఒకటి చేసి పంపమంటాడు. అప్పుడు అందరికీ తెలిసిన అనుమానితుడు బ్యాటరీ కాబట్టి ముందు అది మారుతుంది. పది రోజులు కారు బాగా నడుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. తరువాత ఇంజన్‌ను తిప్పి లేపే సెల్ఫ్ మోటారు దిగుతుంది, ఆపైన తాళం స్విచ్ మారుతుంది, చివరికి ఎవరో ఒకరు ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు, అంటే ఈసీయూ, పోయిందని చెప్పి యాభై వేల లెక్క వేస్తారు.

బ్యాటరీ మార్చగానే పది రోజులు బాగుండడానికి కారణం ఏమిటో చాలామంది ఆలోచించరు. పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టేటప్పుడు టెర్మినళ్లు గీకి శుభ్రం చేస్తారు, నట్లు గట్టిగా బిగిస్తారు. బాగైంది ఆ అతుకే తప్ప బ్యాటరీ కాదు. సెల్ఫ్ మోటారు దించి ఎక్కించినప్పుడూ అంతే. దాని బోల్టుల కింద ఉన్న తుప్పు రాలిపోయి, ఇంజన్‌తో ఇనుమూ ఇనుమూ మళ్లీ సరిగ్గా తాకుతాయి. అసలు లోపం మరోచోట ఉన్నా, ఆ దారిలో ఉన్న ఒక బలహీనమైన అతుకు బాగుపడి కొంతకాలం లోటును పూడుస్తుంది. ఏ భాగం మార్చాక బండి నడిచిందో ఆ భాగమే చెడిందని తీర్మానించడంలో ఉన్న మోసం ఇదే. పైగా ఆ పాత భాగాన్ని విడిగా పరీక్షించి, చెడిందో లేదో చూసేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

కాబట్టి ఏ పనిముట్టూ పట్టకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: స్టార్ట్ కాని ఆ క్షణంలో సెల్ఫ్ తిరిగిందా, లేదా? యజమానులను ఈ మాట అడిగితే నూటికి తొంభై మంది "కారు స్టార్ట్ కాలేదండీ" అనే చెబుతారు. కానీ సెల్ఫ్ తిరగకపోవడం వేరు, సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోవడం వేరు. మొదటిదానికి కారణం బ్యాటరీ, తీగలు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), తాళం స్విచ్, క్లచ్ స్విచ్, సెల్ఫ్ మోటారు, కొన్ని కార్లలో దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్, వీటిలో ఒకటి. రెండోదానికి కారణం పెట్రోలు అందకపోవడమో, స్పార్కు రాకపోవడమో, ఇంజన్ తిరుగుతోందన్న సమాచారం ఈసీయూకు చేరకపోవడమో అయివుంటుంది. ఈ రెంటినీ కలిపేసి మొదలుపెట్టిన మరమ్మతు దారి తప్పక మానదు.

సెల్ఫ్ తిరగనప్పుడు చెవి చాలా చెబుతుంది. తాళం తిప్పగానే టకటకటకమని వరుసగా కొట్టుకుంటే, డ్యాష్‌బోర్డు దీపాలు కూడా ఆ లయలోనే మసకబారుతుంటే, సెల్ఫ్ మోటారుకు లావు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్, అంటే సొలినాయిడ్, లాగుతోంది, వోల్టేజీ కూలుతోంది, మళ్లీ వదిలేస్తోంది అని అర్థం. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి. ఒక్కటే గట్టి టక్ వినిపించి, దీపాలు మసకబారకుండా వెలుగుతూనే ఉంటే, సొలినాయిడ్ లాగింది కానీ మోటారులోకి కరెంటు పోలేదన్నమాట; లోపలి రాగి కాంటాక్టులు అరిగి ఉండవచ్చు, లేదా కార్బన్ బ్రష్‌లు అరిగి మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్‌ను కొన్నిచోట్ల తాకడం లేదు. ఇలాంటి మోటారు మీద చిన్న సుత్తితో తట్టగానే తిరగడం మన మెకానిక్‌లందరికీ తెలిసిన సంగతే. టక్ అని కూడా వినిపించకపోతే సొలినాయిడ్‌కు వెళ్లే సన్న తీగలోకి పన్నెండు వోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే వెనక్కి, అంటే రిలే, క్లచ్ స్విచ్, తాళం స్విచ్ వైపు నడవాలి.

క్లచ్ స్విచ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ మధ్య వచ్చిన చాలా కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కితే తప్ప సెల్ఫ్ తిరగదు. కాళ్ల కింద వేసుకున్న మందపాటి మ్యాట్ జారి పెడల్ కిందికి చేరితే పెడల్ చివరిదాకా దిగదు, స్విచ్ మూసుకోదు, కారు మొరాయిస్తుంది. మ్యాట్ వెనక్కి జరిగిన రోజు మళ్లీ మామూలే. గేర్లు వాటంతట అవే మారే కార్లలో పీ (పార్క్)లో స్టార్ట్ కాక ఎన్ (న్యూట్రల్)లో స్టార్టయితే గేరు లీవరు స్విచ్‌ను అనుమానించాలి. ఇవి డబ్బు ఖర్చు లేకుండా ఇంటి దగ్గరే తేలే విషయాలు.

ఇక కొలతల దగ్గరికి వస్తాను. నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారమంతా ఇక్కడే ఉంది. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టినప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే అది నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం. 12 దగ్గరికి దిగిందంటే పావు వంతే మిగిలింది. ఇంజన్ నడుస్తున్నప్పుడు అదే చోట 13.8 నుంచి 14.5 మధ్య కనిపిస్తే బ్యాటరీని ఛార్జి చేసే డైనమో పనిచేస్తున్నట్టు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ 9.6 వోల్టుల కంటే దిగకూడదు. ఈ సంఖ్యలు కొందరికి తెలుసు. తెలియనిదల్లా, బ్యాటరీ బాగున్నా ఆ కరెంటు మోటారు దాకా చేరుతోందా లేదా అన్నది కొలిచే పద్ధతి.

చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ తిరిగేటప్పుడు 100 నుంచి 150 ఆంపియర్ల దాకా లాగుతుంది, డీజిలు బండి ఇంకా ఎక్కువ. ఇంత కరెంటు పారే దారిలో ఎక్కడైనా ఒక అతుకు దగ్గర ఓములో నూరో వంతు అడ్డంకి ఏర్పడినా చాలు, 150 ఆంపియర్ల దగ్గర అక్కడే ఒకటిన్నర వోల్టు ఆవిరైపోతుంది. ఆ అడ్డంకి కంటికి కనబడదు. మీటరును బీప్ మనే పరీక్షలో పెట్టి తీగ రెండు కొసలూ తాకిస్తే తీగ బాగానే ఉందంటుంది, ఎందుకంటే ఆ పరీక్షలో మీటరు పంపేది ఒక మిల్లీ ఆంపియరుకు అటూ ఇటూ. తెగడానికి సిద్ధంగా ఉన్న చేంతాడుకు ఖాళీ చెంబు కట్టి లాగి చూసినట్టే అది. నిండు బిందె బరువు పడ్డప్పుడు గానీ దాని సంగతి బయటపడదు. అందుకని బరువు మీదే కొలవాలి. మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, రెండో మొనను ఇంజన్ ఇనుము మీద పెట్టి, ఇంకొకరు తాళం తిప్పుతుండగా చదవాలి. అక్కడ 0.2 లేదా 0.3 వోల్టుకు మించకూడదు. అలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ మోటారు లావు తీగ బోల్టు దాకా 0.5 మించకూడదు. ఈ రెండు కొలతలకూ కలిపి ఐదు నిమిషాలు పట్టదు, కొన్ని వందల రూపాయల మీటరు చాలు.

ఈ కొలత విలువ ఏమిటో మా వీధిలోని ఒక కారు ఉదంతంతో చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు అక్కడ బంధువుల ఇంటి ముందు నిలిపిన కారు అది. నీళ్లు ఇంజన్‌లోకి పోలేదు, సీట్ల కింది దాకా వచ్చి తీశాయి. యజమాని తొందరపడి తాళం తిప్పకుండా లాగించి, ఆరబెట్టించి, నూనెలు మార్పించి తిరిగి వాడుకలోకి తెచ్చుకున్నాడు. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేదు. మరుసటి ఎండాకాలం నుంచి కారు అప్పుడప్పుడు తాళం తిప్పితే టక్ మని, స్టార్ట్ కాకుండా ఆగిపోవడం మొదలైంది. ఒక షెడ్డులో బ్యాటరీ మార్చారు, మరో షెడ్డులో సెల్ఫ్ మోటారుకు బ్రష్‌లూ, ఇంజన్‌ను పట్టుకుని తిప్పే పళ్ల చక్రం (బెండిక్సు) వేశారు, ఇంకోచోట ఈసీయూ మార్చాలన్నారు.

ఆ దశలో కారు మా ఇంటి ముందు ఉండగా మీటరు పెట్టి చూశాం. ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.5 చూపింది. సెల్ఫ్ బరువుగా తిరుగుతున్నప్పుడు కూడా టెర్మినళ్ల మధ్య 11.4 ఉంది. ఇది గమనించదగ్గ విషయం. మోటారు నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ కుప్పకూలాలి. కూలలేదంటే బ్యాటరీ నుంచి కరెంటు పూర్తిగా బయటికి రావడం లేదు, దారిలో ఎవరో అడ్డుపడుతున్నారు. నెగటివ్ టెర్మినల్ నుంచి ఇంజన్‌కు కొలిస్తే 2.6 వోల్టులు వచ్చాయి. బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కూ బాడీకీ కలిపే ఎర్త్ తీగ పైకి కొత్తదానిలా ఉంది, బోల్టు బిగుతుగా ఉంది. తీగ కొసన ఉన్న లగ్గు మీద నల్ల తొడుగు కోసి చూస్తే లోపల రాగి పోగులు పచ్చటి పొడిగా మారి ఉన్నాయి. వరదనీరు తొడుగు లోపలికి పాకి, నెలల తరబడి నెమ్మదిగా తినేసింది. కొత్త ఎర్త్ తీగ వేసి, ఇంజన్ మీదా బాడీ మీదా అది కూర్చునే చోటు మెరిసేదాకా గీకి బిగించాక, అదే కొలత 0.15కి దిగింది. ఖర్చు కొన్ని వందలు. అంతకుముందు పోసిన వేలలో ఒక్క రూపాయి కూడా ఆ తీగకు చేరలేదు.

వరదలో మునిగి తేలిన కార్లు ఆ ప్రాంతంలో ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి, కొన్ని చేతులు మారి ఇతర జిల్లాలకు, తెలంగాణకు కూడా చేరి ఉంటాయి. పాత కారు కొనేవాళ్లు కార్పెట్ కింద, సీటు బోల్టుల దగ్గర, ఫ్యూజుల పెట్టె కనెక్టర్లలో పచ్చ మరకలు, బురద గీతలు ఉన్నాయేమో తప్పక చూసుకోవాలని నా విన్నపం. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నం, విశాఖ, కాకినాడ కార్లలోనూ ఎర్త్ అతుకులు ఇలాగే తినుకుపోతాయి. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల ఎండ మరో విధంగా దెబ్బ తీస్తుంది. బ్యాటరీలోని ప్లేట్ల జాలీ వేడికి త్వరగా తినుకుపోతుంది, నీరు ఆవిరవుతుంది. చల్లటి దేశాల్లో ఎన్నేళ్లో నడిచే బ్యాటరీ మన దగ్గర మూడు, నాలుగేళ్లకే అలసిపోవడానికి కారణం ఇది.

సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోని కారు కథ వేరు. వీటిలో ఎండాకాలంలో తరచుగా కనిపించేది ఒకటుంది. గంటసేపు ప్రయాణించి పెట్రోలు బంకులో ఐదు నిమిషాలు ఆపుతారు. తిరిగి తాళం తిప్పితే సెల్ఫ్ ఎంత తిరిగినా ఇంజన్ పలకదు. అరగంట చెట్టు నీడన ఆగితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. ఇంజన్ ఆపగానే నీరు తిరగడం, గాలి తగలడం ఆగిపోతాయి కనుక బానెట్ కింద వేడి కాసేపు తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. ఆ వేడికి, ఇంజన్ తిరగడాన్ని గమనించే క్రాంక్‌షాఫ్ట్ సెన్సరు లోపలి సన్నటి తీగచుట్ట ఎక్కడో విడిపోతుంది, చల్లబడగానే మళ్లీ కలుస్తుంది. ఆ సెన్సరు సమాచారం లేకుండా ఈసీయూ స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మదు. దీన్ని పట్టుకోవడానికి యజమాని చేయగల పని ఒకటుంది. మొరాయించిన ఆ నిమిషంలోనే, సెల్ఫ్ తిప్పుతూ ఆర్‌పీఎం ముల్లును చూడాలి. చాలా కార్లలో అది కొద్దిగా లేచి ఆడాలి. సున్నా దగ్గరే పడుకుని ఉంటే సెన్సరు మీద అనుమానం బలపడుతుంది. మెకానిక్ అయితే ఈసీయూలోని సమాచారం చదివే స్కానరులో అదే సంఖ్యను ప్రత్యక్షంగా చూడవచ్చు.

స్కానరు గురించి కూడా ఒక మాట. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టులో స్కానరు పెట్టి, పీ0335 అని వస్తే క్రాంక్ సెన్సరు సర్క్యూటు, పీ0340 అని వస్తే క్యామ్ సెన్సరు సర్క్యూటు అని చెబుతున్నారు. బాగానే ఉంది. అయితే ఆ సంకేతం చెప్పేది సర్క్యూటులో లోపం ఉందని మాత్రమే. సెన్సరు బాగుండి దాని తీగ ఎక్కడో ఒరుసుకుపోయినా, ఎలుక కొరికినా, కనెక్టరు పిన్ను వెడల్పైనా అదే సంకేతం వస్తుంది. మరోవైపు, అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపానికి ఏ సంకేతమూ నమోదు కాకపోవచ్చు. "స్కానరులో ఏమీ రాలేదు, బండిలో ఏ లోపమూ లేదు" అని పంపేయడం, "స్కానరులో వచ్చింది" అని సెన్సరు మార్చేయడం, రెండూ తొందరపాటే.

పెట్రోలు అందకపోతే ఏం చూడాలి? తాళాన్ని ఆన్ దాకా తిప్పి ఆగితే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు ఫ్యూయల్ పంపు సన్నగా రొదపెట్టడం చాలా కార్లలో వినిపిస్తుంది. మొరాయించినప్పుడు ఆ రొద వినిపించకపోతే పంపూ, దాని రిలే, ఫ్యూజు పరీక్షించాలి. అదే ఫ్యూజుల పెట్టెలో అదే నంబరున్న మరో రిలే, ఉదాహరణకు హారనుది, తీసి దీని స్థానంలో పెట్టి చూడడం మంచి పరీక్ష. వేడికి లోపలి టంకం పగిలిన రిలేలు ఇలాగే దొరుకుతాయి.

పంపు దగ్గర పాఠకులకు ఉపయోగపడే సంగతి ఇంకొకటి ఉంది. ఫ్యూయల్ పంపు లోపం తయారీలోనే ఉండే అవకాశం ఉంది, ఆ సంగతి కంపెనీలే ప్రకటించాయి. 2020 జూలైలో మారుతి సుజుకి ఫ్యూయల్ పంపు కోసం 1,34,885 వ్యాగన్ ఆర్, బాలెనో కార్లను వెనక్కి పిలిచింది. 2024 మార్చిలో మరో 16,041 కార్లను, ఇంజన్ ఆగిపోవడం లేదా స్టార్ట్ కాకపోవడం అరుదుగా జరగవచ్చని చెప్పి పిలిచింది. అదే ఏడాది అక్టోబరులో హోండా 90 వేలకు పైగా పాత కార్లను పంపులో పెట్రోలును నెట్టే చక్రం (ఇంపెల్లర్) లోపం కోసం పిలిచింది. కాలక్రమంలో ఇంజన్ ఆగవచ్చు, స్టార్ట్ కాకపోవచ్చు అని ఆ ప్రకటనలో ఉంది. బాధ్యతగా ముందుకు వచ్చి చెప్పినందుకు ఆ కంపెనీలను మెచ్చుకోవాలి. కానీ కారు రెండో చేతికో మూడో చేతికో మారాక కంపెనీ ఉత్తరం పాత యజమాని చిరునామాకే పోతుంది. కాబట్టి స్టార్టింగ్ ఇబ్బంది ఉన్న ప్రతివారూ పైసా ఖర్చు పెట్టే ముందు, కంపెనీ వెబ్‌సైటులో తమ కారు ఛాసిస్ నంబరు కొట్టి, రీకాల్ జాబితాలో ఉందేమో చూసుకోవాలి. ఉంటే ఆ భాగం ఉచితంగా మారుస్తారు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షను కింద లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఏడేళ్ల లోపు వాహనాలకు వర్తిస్తాయి. ఒకే రకం కార్లలో ఒకే లోపం వస్తోందని తెలిసినప్పుడు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసే వీలుంది. ఈ సంగతి మన జిల్లాల్లో ఎందరికి తెలుసన్నది రవాణా శాఖ అధికారులు ఆలోచించాలి. ఆర్టీఏ కార్యాలయాల గోడ మీద నాలుగు వాక్యాల్లో రాసి పెట్టించడం పెద్ద పనేమీ కాదు.

ఇమ్మొబిలైజర్ గురించి క్లుప్తంగా చెబుతాను. తాళంచెవి తలలో చిన్న చిప్పు ఉంటుంది, తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని గుర్తిస్తేనే కొన్ని కార్లలో సెల్ఫ్ తిరుగుతుంది, మరికొన్నింటిలో ఇంజన్ అందుకుంటుంది. మొరాయించినప్పుడు డ్యాష్‌బోర్డు మీద తాళంచెవి బొమ్మ మిణుకు మిణుకుమంటుంటే రెండో చెవితో ప్రయత్నించాలి. బటన్ నొక్కే కార్లలో చెవిలోని చిన్న సెల్ నీరసించి ఉంటే, చెవిని బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి.

రెండు మూడు రోజులు నిలిపితే చాలు బ్యాటరీ దిగిపోయే కార్లు కూడా ఇప్పుడు ఎక్కువయ్యాయి. అన్నీ ఆపి, తలుపులు మూసి, కాసేపాగి చూస్తే కారు లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్ సరిగ్గా కలపక 300 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే రోజుకు ఏడు ఆంపియర్ గంటలు పోతాయి. 35 ఆంపియర్ గంటల బ్యాటరీలో మూడు రోజులకు సగానికి పైగా ఖాళీ. ఇలాంటి కారుకు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా ఫలితం ఉండదు. అలాగే సిగ్నల్ దగ్గర తనంతట ఆగి స్టార్టయ్యే కార్లకు ప్రత్యేకమైన బ్యాటరీ కావాలి. ధర తక్కువని మామూలుది వేస్తే అది త్వరగా చస్తుంది.

మరమ్మతు పేరుతో జరిగే కొన్ని పనులు ప్రమాదకరం కాబట్టి వాటిని ఆపమని వేడుకుంటున్నాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి డైనమో పనిచేస్తోందో లేదో చూడడం పాత రోజుల అలవాటు. ఈసీయూలు లేని బండ్లకు అది చెల్లింది. ఈనాటి కారులో అలా తీయగానే డైనమో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి వేల రూపాయల ఎలక్ట్రానిక్ భాగాలను కాల్చేయగలదు. స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ బోల్టులు కలిపి తిప్పేటప్పుడు కారు గేరులో ఉంటే అది ముందుకు దూకి, ఎదురుగా నిలబడ్డ మనిషిని గోడకు నొక్కేస్తుంది. జంపర్ తీగలు కలిపేటప్పుడు ఆఖరి నెగటివ్ కొసను దిగిపోయిన బ్యాటరీ మీద కాకుండా దానికి దూరంగా ఇంజన్ ఇనుముకు పట్టించాలి, ఎందుకంటే బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండి నిప్పురవ్వకు పేలే ప్రమాదం ఉంది. సెల్ఫ్ తిరుగుతున్నా అందుకోని కారును మళ్లీ మళ్లీ తోయడం వల్ల కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుభ్రపరిచే కన్వర్టరులోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

యజమానులు చేయవలసింది కూడా ఉంది. కారు మొరాయించిన వెంటనే సెల్‌ఫోను తీసి, తాళం తిప్పుతూ డ్యాష్‌బోర్డును శబ్దంతో సహా వీడియో తీయాలి. ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, వాన పడిందా, ఎంతసేపు ఆగి ఉంది, పెట్రోలు ఎంత ఉంది అన్నవి ఒక కాగితం మీద రాసుకోవాలి. షెడ్డుకు చేరేసరికి మాయమయ్యే లోపానికి ఆ వీడియో, ఆ కాగితమే సాక్ష్యం. వెంటనే తోయించడానికో, జంపర్ తీగలు వేయించడానికో తొందరపడకుండా, పక్కనే మీటరు ఉన్న ఎలక్ట్రీషియన్ ఉంటే అతన్ని కారు దగ్గరికే పిలిపించడం మేలు. లోపం ఉన్నప్పుడు చేసిన ఒక్క కొలత, లోపం లేనప్పుడు షెడ్డులో రోజంతా చేసిన పరీక్ష కంటే ఎక్కువ చెబుతుంది. మెకానిక్ అరగంట కొలిచి, ఏమీ మార్చకుండా "లోపం ఇక్కడ లేదు" అని తేల్చినా ఆ అరగంటకు డబ్బు ఇవ్వాలి. భాగం మారిస్తే తప్ప కూలి ఇవ్వడానికి మనసొప్పని మన అలవాటే, అవసరం లేకపోయినా భాగాలు మార్చేలా వాళ్లను నెడుతోంది. ఈ మాట షెడ్ల తరఫున నేను గట్టిగా చెబుతాను.

ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల విషయానికి వస్తే, వోల్టేజీ ఎక్కడ ఎంత పడిపోతోందో బరువు మీద కొలిచే పరీక్షను ప్రతి విద్యార్థీ తన చేతితో చేసేలా ప్రయోగశాల పరీక్షల్లో పెట్టాలి. ఒక పాత కారు ఎర్త్ తీగలో కావాలని తుప్పు అతుకు పెట్టి, దాన్ని మీటరుతో కనిపెట్టమనడం కంటే మంచి ప్రశ్న ఉండదు. స్కానరు చదవడం నేర్పుతున్నారు, సంతోషం. దానికంటే ముందు మీటరు మొనలు ఎక్కడ ఆనించాలో నేర్పాలి.

ఆటోనగర్ మెకానిక్ సంఘాలకు, కంపెనీ సర్వీసు కేంద్రాలకు నా విజ్ఞప్తి ఒక్కటే. స్టార్టింగ్ ఇబ్బందితో వచ్చిన ప్రతి కారు జాబ్ కార్డు మీద నాలుగు సంఖ్యలు రాయండి: ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ, సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ, ఇంజన్ నడిచేటప్పుడు వోల్టేజీ, ఎర్త్ వైపు పడిపోయిన వోల్టేజీ. భాగం మార్చాక అవే నాలుగూ మళ్లీ రాయండి. తీసేసిన పాత భాగాన్ని యజమానికి తిరిగి ఇవ్వండి. మార్పు సంఖ్యల్లో కనబడకపోతే భాగం మార్చి ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలుస్తుంది. సేవలో లోపం జరిగిందని నమ్మిన వినియోగదారుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లే హక్కు ఉంది, 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. కానీ అక్కడిదాకా వెళ్లిన తగాదాల్లో కూడా కాగితం మీద కొలతలుంటేనే ఎవరి మాట నిజమో తేలుతుంది. ఈ నాలుగు సంఖ్యల కార్డును ముందుగా ఏ సంఘం అచ్చు వేయించినా, దాన్ని ఎలా నింపాలో సాయంత్రం వేళల్లో కుర్రవాళ్లకు నేర్పడానికి, ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా వచ్చి కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
విజయవాడ